నమ్మలేని నిజాల ఆకర్షణ: పలివెల కొప్పులింగేశ్వర ఐతిహ్యం వెలుగులో నేర, వింత కథన సంకలనాల పరిశీలన

ఉపక్రమం

వార్తాపత్రికలో వచ్చిన వార్తకు ఆయుష్షు ఒక్క రోజు. అదే వార్త నేరానికో వింతకో సంబంధించినదైతే దాని ఆయుష్షు పెరుగుతుంది. వారపత్రిక శీర్షికగా, ఆదివారం అనుబంధంలో వ్యాసంగా, చివరకు పుస్తకంగా అది మళ్లీ మళ్లీ పాఠకుని చేతికి వస్తుంది. ‘నమ్మలేని నిజాలు’, ‘వింతలు - విశేషాలు’ వంటి శీర్షికలు తెలుగు పాఠకునికి చిరపరిచితాలు. ఈ రచనలను సాహిత్య విమర్శ సాధారణంగా కాలక్షేప వాఙ్మయమని పక్కన పెట్టింది. విస్తారంగా చదివే రచనను పక్కన పెట్టినంత మాత్రాన దాని ప్రభావం తొలగిపోదు. పరీక్షించే విమర్శ లేని చోట ఆ ప్రభావానికి అదుపు ఉండదు.

ఇటువంటి సంకలనాల్లో రెండు రకాల కథనాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి నిజంగా జరిగిన నేరం. రెండవది నిజంగా జరిగిందని చెప్పే వింత. హత్య కేసు దర్యాప్తుకూ, కారణం తెలియని ఒక వింత దృశ్యానికీ పైకి ఏ సంబంధమూ లేదు. అయినా సంకలనకర్తలు వాటిని ఒకే అట్ట కింద చేరుస్తారు. పాఠకులు ఒకే ఆసక్తితో చదువుతారు. ఈ సాహచర్యానికి కారణమేమిటి? ఆ ఆకర్షణకు చెల్లించే మూల్యమేమిటి? ఈ రెండు ప్రశ్నలను కోనసీమలోని పలివెల గ్రామ ఐతిహ్యం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పలివెల ఐతిహ్యం: ఒక నేర కథనం

పలివెల కొత్తపేట మండలంలోని గ్రామం. ఇక్కడి ఉమా కొప్పులింగేశ్వరస్వామి ఆలయం ప్రసిద్ధ శైవక్షేత్రం. శివునికి ఆ పేరు రావడానికి కారణంగా చెప్పే కథ జనవ్యవహారంలో ఉంది. చెప్పేవారిని బట్టి వివరాలు మారినా, కథాస్థూలం స్థిరంగానే ఉంటుంది. ఆలయ అర్చకుడు ఒక వేశ్యపట్ల అనురక్తుడు. స్వామికి సమర్పించవలసిన పూలు ఆమె కొప్పులో చేరేవి. ఒకనాడు రాజుకు అందిన ప్రసాదంలో వెంట్రుక కనిపించింది. రాజు నిలదీశాడు. అర్చకుడు భయంతో, అది స్వామివారి కొప్పులోని వెంట్రుకేనని చెప్పాడు. స్వయంగా వచ్చి చూస్తానన్నాడు రాజు. ఆ రాత్రి అర్చకుడు శివుని శరణు వేడాడు. తెల్లవారి రాజు వచ్చి చూసేసరికి లింగానికి కొప్పు ఉంది. అర్చకుని ప్రాణం దక్కింది. స్వామి కొప్పులింగేశ్వరుడయ్యాడు.

భక్తి దృష్టితో చూస్తే ఇది శరణాగతి మహిమను చెప్పే కథ. ఆ దృష్టిని కాదనవలసిన పనిలేదు. అయితే కథ నిర్మాణాన్ని మాత్రమే చూస్తే ఇందులో నేర కథనానికి కావలసిన అంగాలన్నీ వరుసగా అమరి ఉన్నాయి. దేవద్రవ్య దుర్వినియోగం అపరాధం. వెంట్రుక భౌతిక సాక్ష్యం. అర్చకుడు అనుమానితుడు. ఆయన చెప్పిన మాట అబద్ధపు వాంగ్మూలం. రాజు దర్యాప్తు అధికారీ, న్యాయనిర్ణేత కూడా. ఆయన ఆలయానికి రావడం ఘటనాస్థల పరిశీలన. తీర్పు వెలువడవలసిన ఘడియలో అద్భుతం జరుగుతుంది. అబద్ధం నిజమవుతుంది. దర్యాప్తు అక్కడితో ఆగిపోతుంది.

నేర కథనానికీ వింత కథనానికీ ఉన్న బంధుత్వం ఈ మలుపులో తేటపడుతుంది. నేర కథనం ఆశ్చర్యంతో మొదలై విచారణతో ముగుస్తుంది. ‘ఇది ఎలా జరిగింది’ అన్న దిగ్భ్రమకు ‘ఇలా జరిగింది’ అన్న సమాధానం దొరకడం దాని గమ్యం. వింత కథనం నడక ఇందుకు విరుద్ధం. అది విచారణతో మొదలై ఆశ్చర్యంతో ముగుస్తుంది. సాక్షులను పిలుస్తుంది, తేదీలు చెబుతుంది, నిపుణులను ప్రశ్నిస్తుంది, చివరకు సమాధానం దొరకలేదని చెప్పి తప్పుకుంటుంది. రెండింటి సామగ్రి ఒకటే. నడిచే దిశ వేరు. పలివెల ఐతిహ్యం నేర కథనంగా బయలుదేరి వింత కథనంగా గమ్యం చేరింది. సంకలనాలు రెండు పుటల్లో చేసే పనిని అది ఒకే కథలో చేసింది.

స్థలం ఇచ్చే ప్రామాణ్యం

ఇదే కథ పలివెలలో మాత్రమే వినిపించేది కాదు. తమిళనాడులోని తిరుక్కణ్ణపురం వైష్ణవక్షేత్రంలో స్వామి పేరు శౌరిరాజ పెరుమాళ్. అక్కడి ఐతిహ్యంలోనూ అర్చకుడు, ప్రియురాలు, మాలలో వెంట్రుక, రాజు, స్వామికి మొలిచిన కేశాలు ఉన్నాయి. రాజస్థాన్‌లోని చతుర్భుజ ఆలయానికి సంబంధించిన భక్తగాథలో అర్చకుడు, రాణా, వెంట్రుక మళ్లీ కనిపిస్తాయి. అక్కడ ఆ వెంట్రుక నెరసినది. శైవ, వైష్ణవ భేదం లేకుండా, భాషల ఎల్లలు దాటి ఈ కథ సంచరించింది. జానపద విజ్ఞానంలో ఇటువంటి వాటిని సంచార ఐతిహ్యాలంటారు.

ఈ పోలిక పలివెల కథ విలువను తగ్గించదు. ఒక ముఖ్యమైన అంశాన్ని వెల్లడిస్తుంది. ‘అనగనగా ఒక ఊళ్లో’ అంటే కథ అవుతుంది. ‘పలివెలలో’ అంటే నిజం అవుతుంది. ఊరి పేరు, కంటికి కనిపించే గుర్తు కథనానికి ప్రామాణ్యాన్ని ఇస్తాయి. లింగం మీది కొప్పు శ్రోతకు ప్రత్యక్ష ప్రమాణం. ఆధునిక సంకలనంలో ఆ స్థానాన్ని ఛాయాచిత్రం, ప్రథమ సమాచార నివేదిక సంఖ్య, వీధి పేరు ఆక్రమించాయి. గుర్తు మారింది కానీ దాని పని మారలేదు. గుర్తు కంటికి కనిపించింది కనుక కథ మొత్తం నిజమేనని పాఠకుడు అంగీకరిస్తాడు. కానీ గుర్తు ఉందన్నది ఒక విషయం, అది ఎలా ఏర్పడిందన్నది వేరొక విషయం. ఈ రెంటి మధ్య ఉన్న ఎడాన్ని కప్పిపుచ్చడంలోనే ‘నమ్మలేని నిజం’ నైపుణ్యమంతా ఉంది.

మధిర సుబ్బన్నదీక్షితుల కాశీమజిలీ కథల్లో ఈ పద్ధతి చక్కగా కనిపిస్తుంది. మణిసిద్ధుని వెంట కాశీకి నడిచే గోపకుమారుడు ప్రతి మజిలీలోనూ ఏదో ఒక వింత చూస్తాడు. దాని కారణం చెప్పమని అడుగుతాడు. కళ్లముందున్న వింత కథకు ద్వారం. సుబ్బన్నదీక్షితులు అది కల్పన అని దాచలేదు. పత్రికా సంకలనం అదే ద్వారాన్ని వాడుకుంటూ, లోపలున్నది యథార్థమని హామీ ఇస్తుంది. హామీ ఇచ్చిన క్షణం నుంచి దానికి బాధ్యత కూడా ఉంటుంది.

తెలుగు సాహిత్యంలో అపరాధ కథనం

నేరం తెలుగు సాహిత్యానికి పాశ్చాత్య నవలతో వచ్చిన వస్తువు కాదు. 13వ శతాబ్దంలో కేతన దశకుమార చరిత్రను తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. జూదరులు, వేశ్యలు, లోభులైన ధనికులు, కన్నపు దొంగలు ఉన్న లోకమది. దండి సంస్కృత మూలంలో అపహారవర్మ రాత్రివేళ బయలుదేరినప్పుడు వెంట తీసుకుపోయే పరికరాల పట్టిక ఉంది. కొలతాడు, పట్టుకారు, నకిలీ మనిషి తల, దీపాలను ఆర్పే కీటకాల పెట్టె అందులోనివి. నేరం చేసే విధానాన్ని ఇంత వివరంగా తెలుసుకోవాలన్న ఆసక్తి ఎంత పాతదో ఈ పట్టిక చెబుతుంది. మృచ్ఛకటికంలో శర్విలకుడు కన్నం కొలత తీయడానికి తన యజ్ఞోపవీతాన్నే వాడతాడు.

ఈ సందర్భంలో గమనించవలసిన మరో విశేషం ఉంది. దశకుమార చరిత్రను తెలిగించిన కేతనే విజ్ఞానేశ్వరీయాన్ని కూడా రచించాడు. అది యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుని వ్యాఖ్య ఆధారంగా వచ్చిన ధర్మశాస్త్ర గ్రంథం. ఒకే కవి ఒక చేత్తో దొంగ సాహసాన్నీ, మరొక చేత్తో దొంగకు పడవలసిన శిక్షనూ తెలుగులోకి తెచ్చాడు. ఈ రెండు కుతూహలాలు ఒకే మనస్సులో పొసగుతాయనడానికి ఇంతకంటే మంచి నిదర్శనం దొరకదు. నేర కథనం చదివే పాఠకుడు ఒకేసారి అపహారవర్మ వెంటా, న్యాయాధికారి వెంటా నడుస్తాడు. నేరస్థుని తెలివికి అబ్బురపడుతూనే అతడు పట్టుబడాలని కోరుకుంటాడు. ఆకర్షణకు మూలం ఈ ద్వంద్వం.

అయితే ‘నిజం’ అన్న మాట వచ్చేసరికి ఎవరి నిజమన్న ప్రశ్న వెన్నంటి వస్తుంది. సర్వాయి పాపడి ఉదంతం ఇందుకు ఉదాహరణ. 1710లో మరణశిక్షకు గురైన పాపడు ఖాఫీ ఖాన్ పారసీక చరిత్రలో బందిపోటు. తెలుగు జానపద గేయంలో అతడే వీరుడు. ఆ గేయాన్ని 1874లో జె. ఎ. బాయిల్ ‘ఇండియన్ యాంటిక్వరీ’లో ప్రకటించాడు. మనిషి ఒక్కడే, కాలమూ ఒక్కటే. కథనాలు రెండు. ఒకదానిలో రాజ్యం మాట్లాడింది, మరొకదానిలో ఊరు మాట్లాడింది. నేర కథనం చదివినప్పుడు అందులో మాట్లాడుతున్నదెవరో గుర్తించడం విమర్శకుని మొదటి పని.

పత్రికా యుగంలో వచ్చిన మార్పు

గోదావరి తీరంలో నేరం పత్రికకెక్కిన తొలి సందర్భాలు గంభీరమైనవి. 1874లో వివేకవర్ధని స్థాపించిన కందుకూరి వీరేశలింగం న్యాయస్థానాల్లోని లంచగొండితనాన్ని అందులో ఎండగట్టారు. అక్కడ నేరం బయటపెట్టడం సంస్కరణకు సాధనం. క్రమంగా నేర వృత్తాంతానికే స్వతంత్రమైన అంగడి ఏర్పడింది. వంగదేశంలో పోలీసు ఉద్యోగి ప్రియనాథ్ ముఖోపాధ్యాయ 1892 నుంచి ‘దారోగార్ దప్తర్’ పేరుతో తన దర్యాప్తుల కథనాలను వెలువరించారు. అమెరికాలో రాబర్ట్ రిప్లీ 1918లో మొదలుపెట్టిన వింతల శీర్షిక లోకమంతటా అనుకరణకు నోచుకుంది. 1959 నాటి కాన్సాస్ హత్యలపై ట్రూమన్ కపోటి రాసిన ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ 1966లో పుస్తకమై, నేర వార్తకు నవలా గౌరవం కల్పించింది. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ వంటి పరిశోధకులు అపరాధ పరిశోధనను ఇంటింటి పఠనంగా మార్చారు. ఈ కాల్పనిక సంప్రదాయం సిద్ధం చేసిన పాఠకులే తర్వాత ‘నిజమైన’ నేర కథనాలకూ పాఠకులయ్యారు.

ఈ క్రమంలో నేర వార్తకు ఒక ప్రత్యేక భాష స్థిరపడింది. ‘గుట్టు రట్టయింది’, ‘కటకటాల పాలయ్యాడు’, ‘విగతజీవిగా కనిపించింది’, ‘ఉదంతం ఆలస్యంగా వెలుగులోకి వచ్చింది’ వంటి నుడికారాలు విలేకరికి అరువు సామగ్రి. వీటిలో ప్రతి ఒక్కటీ కథను ముందే ముగించి చూపుతుంది. ‘గుట్టు రట్టయింది’ అన్న తర్వాత నిందితుడు నిర్దోషి కావడానికి ఆ వాక్యంలో చోటు లేదు. న్యాయస్థానం ఇంకా ప్రారంభించని విచారణను క్రియాపదం ముగించివేస్తుంది.

విశేషణాల విషయం మరింత ఆలోచించదగినది. క్రూరుణ్ని ‘కిరాతకుడు’ అనడం, దయలేని తల్లిని ‘కసాయి తల్లి’ అనడం వాడుకలో ఉన్నదే. కిరాతులు అడవిలో బతికే జనులు. కసాయి ఒక వృత్తి. ఒక జాతి పేరు, ఒక జీవనోపాధి పేరు క్రౌర్యానికి పర్యాయపదాలయ్యాయి. అర్జునుని పరీక్షించడానికి శివుడు ధరించిన రూపం కిరాతునిదే. ఆరాధనలో పూజ్యమైన రూపం వార్తలో హంతకునికి విశేషణమైంది. ఈ పరిణామం కేవలం శబ్దార్థానికి సంబంధించినది కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కించింది. 1911లో సవరించిన చట్టం మద్రాసు రాజధానిలోనూ అమలైంది. 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం ఏర్పడింది. 1952 నాటికి చట్టం రద్దయినా ఆ ఊరి పేరు మాత్రం కథల్లో, సినిమాల్లో దొంగతనానికి గుర్తుగా మిగిలిపోయింది. పలివెలకు ఒక కథ పవిత్రతను తెచ్చిపెట్టింది. స్టువర్టుపురానికి మరికొన్ని కథలు కళంకాన్ని తెచ్చిపెట్టాయి. స్థలం కథకు ప్రామాణ్యాన్ని ఇస్తే, కథ స్థలానికి ఇచ్చే ప్రతిఫలం ఇలాగే ఉంటుంది. అక్కడి నివాసుల మధ్య పనిచేసిన హేమలతా లవణం సంస్కరణ కృషిని ఈ కథల పక్కన పెట్టి చూస్తే, ఒకే ఊరిని చూడడానికి రెండు మార్గాలున్నాయని తెలుస్తుంది.

రసదృష్టిలో ఆకర్షణ

భయంకరమైనది ఎందుకు రుచిస్తుందన్న ప్రశ్న భారతీయ అలంకారికులకు కొత్తది కాదు. భరతుడు భయానక, బీభత్స, అద్భుతాలను రసాలుగానే పరిగణించాడు. అంతేకాక, కావ్యాంతంలో నిర్వహణ సంధిలో అద్భుత రసం ఉండాలని విధించాడు. పలివెల కథ ఈ విధికి సరిగ్గా సరిపోతుంది. అర్చకుని భయం శ్రోతలో భయానకాన్ని మేల్కొలుపుతుంది. తెల్లవారిన తర్వాత కనిపించిన కొప్పు దాన్ని అద్భుతంగా పరిణమింపజేస్తుంది.

భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణ సిద్ధాంతం ప్రకారం, కావ్యంలోని భావం ఫలానా వ్యక్తికి చెందినదన్న పరిమితిని విడిచిపెట్టినప్పుడే రసాస్వాదన సాధ్యమవుతుంది. సరిగ్గా ఇక్కడే నిజ నేర కథనానికి చిక్కు ఎదురవుతుంది. అందులోని దుఃఖం ఫలానా ఇంటిదే. ఆ ఇల్లు ఇంకా ఉంది, అందులో మనుషులున్నారు. సాధారణీకరణ జరగకపోతే పాఠకునికి కలిగేది రసం కాదు, ఇతరుల ఇంట్లోకి తొంగిచూసిన కుతూహలం. పూర్తిగా సాధారణీకరిస్తే బాధితులు కల్పిత పాత్రలైపోతారు. మేలైన నేర రచన ఈ రెండింటి మధ్య నడవాలి. బాధ ఎవరిదో మరువకుండా, ఆ బాధకు మూలమైన సామాజిక స్థితి అందరిదీ అని చూపగలగాలి.

వకీలు వృత్తిలో ఉండి రాచకొండ విశ్వనాథశాస్త్రి రాసిన ‘ఆరు సారా కథలు’ ఈ కష్టమైన దారిలో నడిచాయి. నేరం, పోలీసు, న్యాయస్థానం వాటి నిండా ఉన్నాయి. అయినా పాఠకుడు ‘ఎవరు చేశారు’ అని అడగడు. ‘ఎవరి చేత ఎవరు చేయించారు, శిక్ష ఎవరికి పడింది’ అని అడుగుతాడు. అవి కల్పనలే. వాటిలోని న్యాయవ్యవస్థ మాత్రం కల్పన కాదు. నిజాన్ని వాగ్దానం చేసే సంకలనాలు తరచు సాధించలేని నిజాన్ని ఆ కథలు ఏ వాగ్దానమూ లేకుండానే సాధించాయి.

వెంట్రుక ఎవరిది?

పలివెల ఐతిహ్యంలో చివరకు అందరికీ ఏదో ఒకటి దక్కింది. అర్చకునికి ప్రాణం, రాజుకు దర్శనం, ఊరికి ప్రఖ్యాతి, స్వామికి కొత్త పేరు దక్కాయి. దక్కనిది ఒక్కరికే. కథను నడిపిన వెంట్రుక ఆ వేశ్యది. ఆమెకు పేరు లేదు. రాజు ఆమెను పిలిపించలేదు, ఆమె మాట ఎవరూ వినలేదు. తెల్లవారిన తర్వాత ఆమె ఏమైందో కథకు అవసరం లేకపోయింది. ఆమె దేహం నుంచి వచ్చిన సాక్ష్యం స్వామిదిగా రుజువైన క్షణంలో ఆమె కథ నుంచి తొలగిపోయింది.

నేర కథన సంకలనాల్లో పదేపదే జరిగేది ఇదే. హంతకుని బాల్యం, అతని తెలివి, దర్యాప్తు అధికారి చాతుర్యం పుటలకొద్దీ విస్తరిస్తాయి. ప్రాణం పోగొట్టుకున్న మనిషి మొదటి పేరాలో మృతదేహంగా ప్రవేశించి, అక్కడే ఆగిపోతుంది. ఆధారం ఇచ్చినంత వరకే ఆమెతో పని.

దీనికి సమాధానంగా బాధితుల పేర్లు, వివరాలు బయటపెట్టాలని అనుకుంటే పొరపాటు. లైంగిక నేరాల బాధితుల గుర్తింపును వెల్లడించడాన్ని భారతీయ శిక్షాస్మృతి 228ఎ సెక్షన్ నిషేధించింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ఆ నిషేధాన్ని కొనసాగించింది. చట్టం కోరేది పేరు దాచడం. సాహిత్యం కోరవలసినది మనిషిని దాచకపోవడం. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావని తెనాలి రామకృష్ణుడు ఏనాడో నిరూపించాడు. పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ ఇంటి సొమ్మంతా దొంగిలించి పారిపోతాడు. ఆ సొమ్ములో అక్క ముక్కర కూడా ఉంది. ఆ అక్కకు కావ్యంలో పేరు లేదు. తమ్ముణ్ని దారికి తేవాలని పుట్టింటికి వచ్చి, చివరకు తన నగనే పోగొట్టుకున్న ఆమెను మాత్రం తెలుగు పాఠకుడు మరువలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆమె పేరిట ప్రత్యేక వ్యాసమే రాశారు. దొంగ ఉపాఖ్యానంలో దొంగను మించి నిలిచినది సొమ్ము పోగొట్టుకున్న అక్క. ఆమెను నిలిపినది నామధేయం కాదు. కవి ఆమె ఆశనూ, మందలింపునూ, ముక్కర పోయిన దుఃఖాన్నీ శ్రద్ధగా విన్నాడు. ఆ శ్రద్ధే ఆమెను నిలిపింది.

ముగింపు

నేర కథనం ఆశ్చర్యం నుంచి సమాధానానికి, వింత కథనం సమాధానాన్వేషణ నుంచి ఆశ్చర్యానికి ప్రయాణిస్తాయి. పాఠకునికి ఈ రెండూ కావాలి. లోకం అర్థమవుతుందన్న భరోసా కావాలి, పూర్తిగా అర్థం కాదన్న వెసులుబాటూ కావాలి. ఒకే సంకలనంలో ఇవి చేరడానికి కారణం ఇదే. ఈ కోరికలో చిన్నతనం లేదు. కేతన కాలం నుంచీ తెలుగు సాహిత్యం దీన్ని గౌరవించింది.

అందువల్ల విమర్శ అడగవలసినది ఇటువంటి రచనలు ఉండాలా వద్దా అని కాదు. కథనం చూపిన గుర్తుకూ, చెప్పిన కారణానికీ మధ్య ఉన్న ఎడాన్ని రచయిత పాఠకునికి చూపాడా, కప్పిపుచ్చాడా? అతని విశేషణాలు ఒక మనిషిని వర్ణించాయా, ఒక జాతికి శిక్ష వేశాయా? సాక్ష్యం ఇచ్చిన మనిషి కథ చివరి వరకూ నిలిచిందా? ఈ మూడు ప్రశ్నలతో ఏ సంకలనాన్నైనా పరీక్షించవచ్చు. పలివెల ఆలయంలో దర్శనం చేసుకునే భక్తునికి కొప్పు స్వామిది, అందులో సందేహానికి తావు లేదు. కథను పరిశీలించే విమర్శకునికి మాత్రం ప్రసాదంలో దొరికిన ఆ తొలి వెంట్రుక ఎవరిదన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.